చెప్పులు విడిచే కర్ర

మొన్న ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పేరు శ్రావణి. నరసరావుపేట దగ్గరే ఏదో ఇంజనీరింగ్ కాలేజీలో ఆఖరి సంవత్సరం. నడక కష్టమైన వాళ్ళకు వాకర్ ఎలా ఉంటే బాగుంటుందో వాళ్ళనే అడిగి తెలుసుకుని తయారు చెయ్యాలట, అదీ వాళ్ళ ప్రాజెక్టు. మా వీధి చివర మందుల షాపతను నా పేరు చెప్పాడట. "పోలియో టీచరమ్మ" అనే చెప్పి ఉంటాడు, ఆ పిల్ల మర్యాదకు ఆ ముక్క మింగేసింది. హాల్లో కుర్చీలో కూర్చుని, ఫోను చూసుకుంటూ వరసగా ప్రశ్నలు వేసింది. ఎత్తు ఎంత, బరువు ఎంత, ఏ కాలు, ఎన్నేళ్ళ నుంచి, ఇప్పుడు వాడే కర్ర ఎక్కడ కొన్నారు. అన్నింటికీ బడిపిల్లలా బుద్ధిగా జవాబులు చెప్పాను. తర్వాత, "ఈ మధ్య ఎక్కడైనా పడ్డారా అమ్మా?" అంది. "లేదమ్మా" అన్నాను. అది పచ్చి అబద్ధం. రెండు నెలల్లో మూడుసార్లు పడ్డాను, మూడుసార్లూ బాత్‌రూమ్‌లోనే. పడుతున్నానని తెలిస్తే గుంటూరు నుంచి మా తమ్ముడు కారేసుకుని వస్తాడు, ఇంటికి తాళం వేయించి నన్ను తీసుకుపోతాడు. మంచివాడే. మరదలు కూడా మంచిదే. కానీ ఈ వయసులో మంచినీళ్ళకు కూడా ఒకరిని పిలవాల్సిన ఇంట్లో ఉండటం నాకు ఇష్టం లేదు. అలాంటి ఇంట్లో నేను ఒకసారి ఉన్నాను.

వెళ్ళబోతూ ఆ అమ్మాయి, "మీ మొట్టమొదటి కర్ర ఏదైనా దాచుకున్నారా?" అని అడిగింది. కర్ర ఎప్పుడో చెదలు తినేసింది. కానీ ట్రంకుపెట్టె అడుగున పాత చీరల కింద ఒక రబ్బరు ముక్క ఉండాలని గుర్తొచ్చింది. ఆ అమ్మాయి చేతే తీయించాను. లారీ టైరు కోసి చేసిన, అరచేయంత వెడల్పున్న గుండ్రటి ముక్క. మధ్యలో కర్ర దిగేటంత గుంట, ఒక పక్కకు చెవిలా పొడుచుకొచ్చిన కొస. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇన్నేళ్ళకు కూడా ఎండలో మాగిన లారీ షెడ్డు వాసన లీలగా తగిలింది. అదేమిటని ఆ అమ్మాయి అడిగితే, కర్ర వేసుకునే చెప్పు అన్నాను. పెద్దావిడ హాస్యమాడుతోందనుకుని నవ్వి, ఫొటో తీసుకుని వెళ్ళిపోయింది. నేను మాత్రం ఆ సాయంత్రమంతా దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

మాచర్లలో మా ఇల్లు ఊరి అంచున, బస్తీ అయిపోయి పొలాలు మొదలయ్యే చోట ఉండేది. ఇంటినిండా నాపరాళ్ళ పరుపు. పల్నాడులో పుట్టినవాళ్ళకు నాపరాయి గురించి చెప్పక్కర్లేదు. వేసవిలో ఒళ్ళు ఆనిస్తే ప్రాణం లేచొస్తుంది, చుక్క నీళ్ళు పడితే ప్రాణం తీస్తుంది. పంట ఇంటికొచ్చే రోజుల్లో వసారా నిండా ఎండుమిరపకాయల బస్తాలు ఉండేవి. ఇంటికొచ్చిన చుట్టం గుమ్మంలోనే నాలుగు తుమ్ములు తుమ్మి, ఆ తర్వాతే కుశలం అడిగేవాడు. మేము తుమ్మేవాళ్ళం కాదు, మా ముక్కులు ఎప్పుడో మొద్దుబారిపోయాయి. అమ్మా నాన్నా పొద్దున్నే పొలం వెళ్ళిపోతే ఇంట్లో నాయనమ్మ, నేనూ మిగిలేవాళ్ళం.

నాయనమ్మ రోజు ఒక పద్ధతిలో మొదలయ్యేది, ఆ పద్ధతికి తేడా వస్తే ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండేది కాదు. లేస్తూనే వాకిలి ఊడ్చి కల్లాపి చల్లేది. తర్వాత మంచినీళ్ళ బిందెను చింతపండు, బూడిదా కలిపి తోమేది. అది ఇత్తడి బిందె. తోమిన తోముడికి దాని అంచు కాగితంలా అరిగిపోయింది. నీళ్ళు వడగట్టి పోసి, వంటింట్లో గట్టు మీద పెట్టి, మూత మీద ఒక గ్లాసు బోర్లించేది. ఆ గట్టు పక్క గోడలోనే దేవుడి గూడు. అందుకని వంటింట్లోకి స్నానం చెయ్యనివాళ్ళు రాకూడదు, చెప్పుల సంగతి సరేసరి, ఇంటివాళ్ళు కానివాళ్ళు అసలు రాకూడదు. పనివాళ్ళయినా, నాన్న స్నేహితులయినా, ఎవరికైనా వసారా వరకే. నాయనమ్మ దీని గురించి ఎవరితోనూ వాదించేది కాదు. గడప దాటబోయిన వాడి వంక ఒక చూపు చూసేది, వాడు అక్కడే ఆగిపోయేవాడు.

మూడో ఏట జ్వరం వచ్చి నా ఎడమకాలు పడిపోయింది. వీధిలో ఎత్తుకుని తిప్పారు, ఇంట్లో పాకాను. ఐదో తరగతి దాకా బడి మా ఇంటికి ఎదురుగానే ఉండటంతో నాయనమ్మే చంకనెత్తుకుని దింపి, చంకనెత్తుకుని తెచ్చేది. పాకడం నాకు చేతనవును, చురుగ్గా కూడా పాకేదాన్ని. చేతకానిది ఒక్కటే, గట్టు మీది బిందెలో నీళ్ళు అందుకోవడం. దాహమేస్తే వంటింటి గడప దగ్గర కూర్చుని "నాయనమ్మా, నీళ్ళు" అని కేకేసేదాన్ని. అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. నిజమే కావచ్చు. కానీ రోజుకు పదిసార్లు అడిగి తాగే నీళ్ళు ఎలా ఉంటాయో ఆ సామెత కట్టినవాళ్ళకు తెలిసుండదు. నాయనమ్మ ఎప్పుడూ లేదనలేదు. పెరట్లో ఉంటే "వస్తన్నానే, ఉండు" అనేది. ఆ "ఉండు"లో ఉన్నంతసేపూ నేను నాలుక చప్పరిస్తూ బిందె వంక చూస్తూ కూర్చునేదాన్ని. అడగడం చిన్నతనంగా తోచి దాహాన్ని ఓర్చుకోవడం కూడా నేర్చుకున్నాను. ఎనిమిదేళ్ళ పిల్ల నేర్చుకోవాల్సిన విద్య కాదది.

ఐదో తరగతి పూర్తయింది. హైస్కూలు రెండు వీధుల అవతల. నాయనమ్మ నడుము అప్పటికే పట్టేసింది, నేనేమో బరువెక్కాను. హెడ్మాస్టరుగారు నాన్నతో ఉన్నమాట చెప్పారు, పిల్ల తనంతట తాను వచ్చి, కూర్చుని, లేవగలిగితే చేర్చుకోవడానికి అభ్యంతరం లేదు, కానీ చూసుకోవడానికి మనిషిని పెట్టలేమని. ఆ రాత్రి అన్నాల దగ్గర నాయనమ్మ తీర్పు చెప్పేసింది. "ఇంట్లో గ్లాసుడు నీళ్ళు ముంచుకోలేంది బళ్ళో ఏం నెగ్గుకొస్తదిరా? ముందు తన నీళ్ళు తను ముంచుకొని తాగనీ. ఆ రోజే పంపిద్దాం. లేదంటే ఇంట్లోనే ఉంటది, నేను బతికున్నన్నాళ్ళు చూసుకుంటా." నాన్న తలొంచుకుని అన్నం కలుపుకున్నాడు. నాయనమ్మ మాటలో ప్రేమే ఉందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఆమె మీద కోపంతో అన్నం వదిలేసి పాకుతూ వెళ్ళిపోయాను. బడి తెరవడానికి నెలన్నర ఉంది.

నాన్న గుంటూరు వెళ్ళి ఒక జత చంకకర్రలు తెచ్చాడు. అవి ఎవరి కొలతకు చేసినవో దేవుడికెరుక. చంకలు ఒరుసుకుపోయి పుళ్ళు పడ్డాయి. వాకిట్లోకి వెళ్తే వానకు తడిసిన నల్లరేగట్లో జానెడు దిగబడేవి. దిగబడిన కర్రను లాక్కోవడమే సరిపోయేది, ఇంక నడిచేదెక్కడ. ఇంట్లో నాపరాళ్ళ మీద చెరో దిక్కుకు జారేవి. ఎలాగోలా ఒకరోజు బిందె దాకా వెళ్ళాను. వెళ్ళాక తెలిసింది, నా రెండు చేతులూ కర్రల మీదే ఉన్నాయని. బిందె ముందు నిలబడి, నీళ్ళు ముంచుకోవడానికి మూడో చెయ్యి లేక, మళ్ళీ "నాయనమ్మా, నీళ్ళు" అనే అన్నాను.

మస్తాన్‌వలిని నాన్న తీసుకొచ్చింది ఆ తర్వాతే. ఆయన లారీలకు చెక్క బాడీలు కట్టేవాడు. మా పొలానికి వెళ్ళే దారిలోనే ఆయన షెడ్డు. మా మిరపకాయలు గుంటూరు తీసుకెళ్ళే లారీకి ఆయనే బాడీ కట్టాడు, ఆ పరిచయం. సన్నగా, పొడుగ్గా, చెవి వెనక పెన్సిలుతో ఉండేవాడు. నేను ఆయన్ని మస్తాన్ మామ అని పిలిచేదాన్ని. టేపు వాడేవాడు కాదు, పురికొసకు ముళ్ళు వేసుకుని కొలతలు తీసేవాడు. ఎంత పెద్ద ఆసామి వచ్చి బాడీ కట్టమన్నా, ముందు రెండే ప్రశ్నలు అడిగేవాడని నాన్న చెప్పేవాడు. ఏం లోడు, ఏ రోడ్డు. మిరపకాయలు ఎత్తుగా ఉంటాయి, తేలిక. నాపరాళ్ళు తక్కువ ఎత్తులోనే లారీని కుంగదీస్తాయి. సాగర్ వైపు మెట్ట రోడ్డెక్కే బండి వేరు, గుంటూరు తారురోడ్డు బండి వేరు. ఆ రెండూ చెప్పకుండా చెక్క మీద గీత కూడా గీసేవాడు కాదు.

మా ఇంటికొచ్చినప్పుడు కూడా అదే పద్ధతి. అరుగు మీద కూర్చుని, నా కాలి వంక చూడనైనా చూడకుండా, "పాపా, పొద్దున లేసిన కాణ్ణుంచి ఏడేడకి పోతావు?" అన్నాడు.

నన్ను అంతకుముందు ఎవరూ అలా అడగలేదు. ఏం చెయ్యలేవు అనే అందరూ అడిగేవాళ్ళు. తడుముకుంటూ చెప్పాను. మంచం, పెరడు, బావి గట్టు, వసారా, వంటిల్లు, తర్వాత బడి.

"అన్నిట్లో యాడికి పోవాలని ఎక్కువ ఉంది?"

"బిందె దగ్గరికి."

ఆయన నవ్వలేదు. తల ఊపి, నన్ను గోడ పట్టుకుని నిలబడమని, భుజం నుంచి నేలకు, మణికట్టు నుంచి నేలకు పురికొస పట్టి రెండు ముళ్ళు వేసుకున్నాడు. చంకకర్రలు రెండూ అవతల పెట్టించి, "చేతులు రెండూ కర్రలకే ఇచ్చేస్తే పిల్ల పనెవరు చేస్తారు, ఒక్కటే చాలు" అన్నాడు. వారానికి టేకుతో ఒక్క కర్ర తెచ్చాడు. చిత్రిక పట్టి పట్టి పట్టులా చేశాడు. చెయ్యి పట్టుకునే చోట నా వేళ్ళకు సరిపడా గాడి తీశాడు, అడుగున రబ్బరు వేశాడు. వాకిట్లో నేను పది అడుగులు వేశాను. అమ్మ ఏడ్చింది. నాన్న అవతలికి తిరిగాడు.

మర్నాడే పడ్డాను. వంటింటి గడప దాటుతుంటే కర్ర జారి, గడ్డం బండకు తగిలి పగిలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. నాయనమ్మకు దేవుడి మీద ఉన్న కోపం, నా కాలి మీద ఉన్న కోపం, అంతా ఆ కర్ర మీదికి మళ్ళింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే అదే. మస్తాన్‌ను కబురు పెట్టి పిలిపించింది. ఆయన వచ్చి అరుగు కింద నిలబడ్డాడు, ఎక్కి కూర్చోలేదు.

"ఏం కొలిచావయ్యా నువ్వు? పిల్ల గడ్డం చూడు," అంది నాయనమ్మ.

"ముడి తప్పలేదు పెద్దమ్మా. రెండుసార్లు చూసుకున్నా," అంటూ ఆయన మళ్ళీ పురికొస తీసి కర్రకు ఆనించి చూశాడు. సరిగ్గానే ఉంది. అలాగే నా కాళ్ళ వంక చూశాడు. నేను అరుగు మీద ఒట్టి కాళ్ళతో కూర్చుని ఉన్నాను. ఆయన ముఖం వాడిపోయింది. "ఆ రోజు పాపకి చెప్పులున్నయ్. చెప్పులతోనే కొలిచా. ఇంట్లో చెప్పులు తీసేస్తదిగా, ఆ మందమంతా కర్ర ఎత్తయి ఉంటది. తప్పు నాదే."

తప్పు ఆయన ఒక్కడిదే కాదు. ఆ సంగతి చెప్పడానికి నాయనమ్మకు కాస్త సమయం పట్టింది. వీధిలో తిరిగిన కర్ర వంటింట్లోకి ఎలా వస్తుంది? అందుకని గడప దగ్గర నన్ను ఆపి, కాళ్ళు కడిగినట్టు కర్ర అడుగును కూడా చెంబుడు నీళ్ళతో కడిగింది. తడి రబ్బరు, నున్నటి నాపరాయి. ఎత్తయిన కర్ర. ఇంక పడకేం చేస్తాను. "మురిక్కర్ర లోపలికి ఎట్టా రానిస్తా, నువ్వే చెప్పు" అని ఆయన్నే ఎదురడిగింది.

మస్తాన్ మామ కర్రను పక్కన పెట్టి, "గడప ఎంత ఎత్తుంటది పెద్దమ్మా?" అన్నాడు.

"జానెడు."

"మధ్యలో అరిగిందా?"

"అరిగింది కొంచెం."

"దాటంగానే బండ వాలుగా ఉంటదా, చదరమేనా? బిందె గట్టు పాపకి నడుందాకా వస్తదా, పైకా? పట్టుకోను గోడ ఏ పక్కుంటది?"

నాయనమ్మ నాలుగింటికి జవాబు చెప్పింది. ఐదోదానికి విసిగిపోయింది. వంటింటి వంక ఒకసారి, నా గడ్డం మీది కట్టు వంక ఒకసారి చూసింది. తర్వాత లేచి నిలబడింది.

"నన్నడుగుతావేందయ్యా? నేను చెప్తా ఉంటే నువ్వు కొలుస్తావా? లోపలికి రా. బయట నిలబడి కొలిస్తే బయట నడిచే కర్రే వస్తది."

ఆయన కదల్లేదు. ఆమె అన్నది తను సరిగ్గా విన్నాడో లేదో అన్నట్టు నాన్న వంక చూశాడు. నాన్న కూడా అలాగే చూస్తున్నాడు. "రావయ్యా మస్తానూ, ఎండెక్కుతంది" అంది నాయనమ్మ, ఏదో పొయ్యి మీద పప్పు మాడుతున్నట్టు. ఆయన తొట్టి దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ దాకా కాళ్ళు కడుక్కుని, పంచె అంచుతో తుడుచుకుని, గడప దాటి వచ్చాడు. మా వంటింట్లోకి పరాయి మనిషి రావడం నేను చూడటం అదే మొదలు.

లోపలికి వచ్చాక ఆయనకు మేమెవ్వరం కనిపించలేదు. ముందు నేల మీద అరచెయ్యి పెట్టి రాశాడు. బిందె కింద ఎప్పుడూ ఉండే తడి చూశాడు. గడప అరిగిన చోట బొటనవేలు పెట్టి లోతు చూశాడు. పురికొసకు ముడి మీద ముడి వేసుకున్నాడు. తర్వాత, "నీది ఎడమ కాలు కదూ పాపా" అని, తన ఎడమకాలు వదిలేసి, నా కర్ర తీసుకుని, నాలాగే నడవడం మొదలుపెట్టాడు. అంత పొడుగు మనిషి నా కర్ర మీద వంగి గెంతుతుంటే నాయనమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆయన నవ్వించడానికి చెయ్యలేదు. గట్టు దగ్గరికి చేరి, నడుము దానికి ఆనించి, కర్రను గోడకు చేరవేసి, కుడిచేత్తో గ్లాసు తీసుకుని, ఎడమచేత్తో మూత ఎత్తి పట్టుకుని బిందెలో ముంచాడు. కర్ర గోడ వెంట జారి దబ్బున కింద పడింది. ఒంటికాలి మీద నిలబడి, చేతిలో నిండు గ్లాసుతో, కింద పడిన కర్ర వంక చూస్తూ, "ఇప్పుడెట్టా?" అన్నాడు తనలో తాను.

అప్పుడు తెలివిలోకి వచ్చాడు. ఎవరి వంటింట్లో ఉన్నాడో, ఏ బిందెలో చెయ్యి పెట్టాడో. గ్లాసులో నీళ్ళు తిరిగి పొయ్యడానికి లేదు, కింద పెట్టడానికి లేదు. నాయనమ్మ ఆ చూపు చూస్తుందని నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

"ముంచావుగా, తాగు," అంది నాయనమ్మ.

ఆయన తాగాడు. గటగటా, ఒక్క గుక్కలో. ఆ సాయంత్రం ఆ బిందెలో నీళ్ళు నాయనమ్మ పారబోస్తుందేమోనని నేను కాపలా కాసినట్టు చూస్తూ కూర్చున్నాను. ఆమె అన్నం తిని, అదే బిందెలో ముంచుకుని, నా ఎదురుగానే తాగింది. మర్నాడు పొద్దున చింతపండుతో తోమింది. అది రోజూ తోమేదే. ఆ తోముడులో నిన్నటి లెక్క ఏమైనా ఉందేమో నాకు తెలియదు, అడిగే ధైర్యమూ లేదు.

నాలుగు రోజులకు మస్తాన్ మామ రెండో కర్ర తెచ్చాడు. ఒట్టి కాళ్ళకు సరిపోయే ఎత్తు. మోచెయ్యి కింద చుట్టుకునేలా, తన పాత బెల్టు కోసి తోలు పట్టీ బిగించాడు. చెయ్యి వదిలేసినా కర్ర కింద పడదు, చేతికే వేలాడుతూ ఉంటుంది. ఆ చేత్తో గ్లాసు ముంచుకోవచ్చు. అడుగున పలచటి ట్యూబు రబ్బరు, నాపరాయిని పట్టి ఉంచుతుంది. ఇవన్నీ చూపించాక జేబులోంచి ఈ టైరు ముక్క తీశాడు.

"ఇది దీని చెప్పు పెద్దమ్మా. వీధిలోకి పోయేటప్పుడు కర్రని దీంట్లో గుచ్చితే చాలు, వంగే పన్లేదు. పాప చెప్పులేసుకుంటది, కర్రా చెప్పేసుకుంటది, ఎత్తు సరిపోద్ది. వెడల్పుగా ఉంది గనక రేగట్లో దిగబడదు. ఇంటికి రాంగానే ఈ చెవి మీద మంచి కాలితో తొక్కి కర్రని పైకి లాగితే ఊడొస్తది. మనుషులు చెప్పులిడిసినట్టే, అదీ గుమ్మంలో చెప్పు ఇడిసి వస్తది. ఇంక మీరు కడగక్కర్లా."

నాయనమ్మ ఆ ముక్కను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమె ఆచారాన్ని వెక్కిరించకుండా, కాదనకుండా, కర్రలోనే దానికి చోటు పెట్టిన మనిషి అంతకుముందు ఆమెకు తటస్థపడి ఉండడు. "చానా బుర్రుందయ్యా నీకు" అంది. ఆమె నోటి వెంట వచ్చిన మెచ్చుకోళ్ళలో నాకు గుర్తున్నంతవరకు అదే పెద్దది.

నేను గుమ్మంలో కర్ర చెప్పు విడిచి, గడప దాటి, ఎనిమిది అడుగులు వేసి బిందె దగ్గరికి వెళ్ళాను. మూత తీశాను. ముంచుకున్నాను. దాహం లేకపోయినా తాగాను. ఇంకో గ్లాసు తాగాను. మూడోది ముంచుతుంటే, "చాల్లేవే, పొట్ట పగిలిపోద్ది" అంది నాయనమ్మ. అని, వంటింటి గడప దగ్గర, నేను రోజూ కూర్చునే చోటే కూలబడింది. "ఆ గ్లాసు ఇట్టా తే. నాకూ దాహంగా ఉంది" అంది. గ్లాసు ఎడమచేత్తో పట్టుకుని ఆమె దగ్గరికి నడిచాను. సగం నీళ్ళు దారిలోనే ఒలికిపోయాయి. మిగిలిన సగం ఆమె తాగింది. నేను ఒకరికి నీళ్ళిచ్చాను. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఆ సంతోషం ముందు తర్వాత వచ్చిన ఉద్యోగం, జీతం, బళ్ళో దండలు, శాలువాలు, ఏవీ నిలబడవు.

బడిలో చేరాను. అక్కడా తరగతి బయట చెప్పుల వరసలో నా కర్ర చెప్పు కూడా ఉండేది. పిల్లలు దాన్ని దాచేసి ఏడిపించేవాళ్ళు, నేను కర్రతో బాదేదాన్ని, లెక్క సరిపోయేది. ఏటా బడి తెరిచే ముందు మస్తాన్ మామ వచ్చి, "లారీలకు ఏటా ఎఫ్‌సీ పరీక్ష చేయించినట్టు నీక్కూడా చెయ్యాల పాపా" అని, ఆ ఏడాది నేను పెరిగిన మేరకు కర్రకు అతుకు వేసేవాడు. మరీ పొడుగైనప్పుడు కొత్తది చేసేవాడు. చెప్పు మాత్రం అదే. వచ్చినప్పుడల్లా నాయనమ్మ ఆయనకు వసారాలోనే మజ్జిగ ఇచ్చేది. వంటింట్లోకి మళ్ళీ పిలవలేదు, ఆయనా రాలేదు. ఒక్కరోజులో మారిపోయిందని రాస్తే కథకు బాగుంటుంది గానీ, మా నాయనమ్మ అలాంటి మనిషి కాదు. అవసరమైన రోజున అవసరమైనంత జరిగింది. ఆమె జరగగలిగిన దూరం అదే. అంత దూరం జరగడానికి ఆమెకెంత కష్టమైందో తెలిసినకొద్దీ నాకు ఆమె మీద గౌరవం పెరుగుతోంది. మస్తాన్ మామ పోయినప్పుడు నేను వేరే ఊళ్ళో పరీక్షల డ్యూటీలో ఉన్నాను. ఆలస్యంగా వెళ్ళాను. షెడ్డు మూసేసి ఉంది. తలుపు మీద ఆయన పెన్సిలుతో గీసుకున్న గీతలు, వాటి కింద నా పేరు, ఏటేటా నా ఎత్తు. తలుపును పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.

ఆ తర్వాత నా చేతిలో ఎన్నో కర్రలు మారాయి. ఇప్పటివి అట్టపెట్టెలో ఇంటికే వస్తాయి. తేలిక, బొత్తాం నొక్కితే ఎత్తు పెరుగుతుంది, తరుగుతుంది. వాటిని తిట్టను, నా భుజాలు ఇన్నాళ్ళు నిలబడింది వాటి వల్లే. ఆ కాలమే మంచిదనీ అనను. ఆ కాలంలో మా వీధిలోనే నాలాంటి పిల్లలు ఇంకో ఇద్దరుండేవాళ్ళు, వాళ్ళు చివరిదాకా పాకారు. అందరికీ ఒక మస్తాన్ మామ దొరకడు కదా. అయితే ఇన్ని కర్రలు కొన్నాను గానీ, ఏ రోడ్డు మీద తిరుగుతావని అమ్మినవాడు ఒక్కడూ అడగలేదు. అలా అడగడానికి మొన్న ఒక పిల్ల ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. వస్తే నేనేం చేశాను? హాల్లో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, పడలేదని అబద్ధం చెప్పి పంపించాను. నాయనమ్మకు తన గడప ఎక్కడుందో తెలుసు. నాది బాత్‌రూమ్ దగ్గర ఉందని, నేనూ అక్కడ అందరినీ ఆపేస్తున్నానని, ఆ టైరు ముక్క ఒళ్ళో పెట్టుకున్నాక గానీ నాకు తట్టలేదు.

మర్నాడు ఫోన్ చేశాను. "శ్రావణీ, నిన్న నీకు అబద్ధం చెప్పానమ్మా. పడ్డాను, మూడుసార్లు. రేపు ఖాళీ ఉంటే ఇంకోసారి రా. ఈసారి కాఫీ తర్వాత" అన్నాను.

వచ్చింది. బాత్‌రూమ్ తలుపు దగ్గర ఆగి, ఫోను తీసి, "మీరు చెప్పండమ్మా, నేను రాసుకుంటాను" అంది. ఆ పిల్లకూ మొహమాటమే. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. లోపల తాడు మీద నా లంగాలు ఆరేసి ఉన్నాయి, మూల ప్లాస్టిక్ స్టూలు, దాని పక్కన పట్టుకుంటే ఊగే కొళాయి, పగిలిన మగ్గు. వెనక్కి తగ్గుదామనిపించింది. మా నాయనమ్మ తగ్గలేదు.

"లోపలికి రామ్మా," అన్నాను. "బయట నిలబడి కొలిస్తే బయట నడిచే వాకరే వస్తుంది."

ఆ అమ్మాయి ఒక్క క్షణం నా వంక చూసింది. ఫోను గూట్లో పెట్టింది. ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, లోపలికి వచ్చి, తడి నేల మీద నేను రోజూ కూర్చునే స్టూలు మీదే కూర్చుంది. "ఏ కాలమ్మా, ఎడమేగా?" అని, ఎడమకాలు చాపి వదిలేసి, కుడికాలి మీద లేవబోయింది. సగం లేచి తూలింది. పట్టుకోవడానికి గోడ వెతుక్కుంది, గోడ అందలేదు. నేను చూస్తున్నాను. ఆమె చెయ్యి తనంతట తానే వెళ్ళి, రోజూ నేను పట్టుకుని లేచే ఆ వదులు కొళాయినే పట్టుకుంది.